పాట దాటిపోయిన గుమ్మం

ఫరాను పిలవకూడదు. ఇంటింటికీ పాడుతూ తిరిగే ఆ గుంపు దానంతట అదే రావాలి. ఇంట్లోవాళ్ళు చేమదుంపలూ చేపా తిని, ప్రార్థన చేసుకుని, దోమతెర దించుకుని, కునుకు పట్టీ పట్టనప్పుడు వాకిట్లో తీగ మోగాలి. మోగితే లేవాలి. వాకిట్లో పాట వినపడుతుంటే లేవనివాడు రొటూమా దీవిలో ఇప్పటిదాకా పుట్టలేదు. జ్వరంతో ఉన్నవాడు దుప్పటి కప్పుకుని లేస్తాడు. మొగుడితో పోట్లాడి అటు తిరిగి పడుకున్నది కూడా ముఖం తుడుచుకుని లేస్తుంది. లేచి, చాప పరిచి, కూర్చుని పాట వినాలి. పాడేవాళ్ళ మెడల మీద పౌడరు చల్లి, సెంటు కొట్టి, పుచ్చకాయ ముక్కలు చేతుల్లో పెట్టి పంపాలి. డిసెంబరు మొదలు జనవరి సగం దాకా, ఆట నెలల్లో, దీవి చుట్టూ ఉన్న ఒక్క రోడ్డు పొడుగునా ఇదే వరస.

వామరాసి తలుపు వెనక చాప మీద కూర్చుని ఉంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఒళ్ళో పౌడరు డబ్బా. వంటపాకలో ఆరు పుచ్చకాయలు, వాటి పక్కన నూరిపెట్టిన కత్తి. రోడ్డు మీద పాట దగ్గరపడుతోంది. అడుగుల చప్పుడును బట్టి లెక్క కట్టింది. పదిమంది. కాదు, పన్నెండు. అందులో బరువుగా పడే అడుగు ఆడపడుచు తొరికాది, ఊళ్ళో ఫరాను నడిపించేది ఆమే. శ్రుతి తప్పిన గొంతు ఒకటి ఉంది, అది కొబ్బరి ఎండబెట్టే సాకీమిది. వాడి తాతా అంతే, వాడి తండ్రీ అంతే, ఆ వంశంలో గొంతు అనేది అన్నం మింగడానికే.

పాట సీమపనస చెట్టు దాకా వచ్చింది. అక్కడ టక్కున ఆగింది. ఎవరో తీగల మీద అరచెయ్యి వేసి నొక్కేశారు. పన్నెండు జతల కాళ్ళు చర్చిలో నడిచినట్టు మెత్తగా ఆమె వాకిలి ముందునుంచి నడిచిపోయాయి. అవతల సరిహద్దులో ఉన్న నారింజ చెట్టు దాటాక మళ్ళీ తీగ మోగింది. ఏ మాట దగ్గర ఆపారో ఆ మాట దగ్గరే అందుకున్నారు.

"సగం పాట మింగేసి పోతున్నారు, వీళ్ళ గొంతులో ముల్లు దిగ!" అంది వామరాసి చీకట్లో.

ఈ ఆట నెలల్లో ఇలా దాటిపోవడం ఇది తొమ్మిదోసారి.

పోయిన జనవరిలో ఆమె మొగుడు ఫెసైతు కన్నుమూశాడు. ఆట నెలలు ముగిసిన నాలుగో రోజున. గుమ్మంలో రాలిన పౌడరు ఇంకా గాలికి పోనే లేదు, మనిషి పోయాడు. సమాధి మీద రాయి నిలబెట్టేదాకా ఆ ఇంటి వాకిట్లోకి పాట రాకూడదు. అది పెద్దల మాట. ఏడాది తిరిగేలోపల రాయి నిలబెట్టడమూ పెద్దల మాటే. నవంబరులో అనుకున్నారు. రాయి సిద్ధంగా ఉంది, పేరు చెక్కి గోనె కప్పి తొరికా ఇంటి వసారాలో పెట్టారు. కింద దిమ్మె కట్టడానికి సిమెంటు రావాలి, అది ఓడలో రావాలి. నవంబరులో ఓడ రాలేదు. ఇంజను చెడిందన్నారు. డిసెంబరులో వచ్చింది. పండక్కి వచ్చిన చుట్టాలు దిగారు. పిండి దిగింది, బియ్యం దిగాయి, పౌడరు డబ్బాలు పెట్టెలకు పెట్టెలు దిగాయి. సిమెంటు దిగలేదు.

"ఊరందరి మెడలకూ పౌడరు తెచ్చాడు, చచ్చినవాడి కాళ్ళకింద వెయ్యడానికి సిమెంటు మరిచాడు. వీడి ఓడకు చిల్లు పడ!" అంది వామరాసి రేవులో నిలబడి, అందరూ వినేలా.

"ఇప్పుడే వద్దు అక్కా, తిరుగు ప్రయాణంలో నేను ఎక్కాలి" అన్నాడు పక్కనున్న పెద్దమనిషి.

నవ్వినవాళ్ళు నవ్వారు. వామరాసి నవ్వలేదు. ఆమెకు అక్కడే అర్థమైపోయింది. సిమెంటు రాదు, రాయి లేవదు, ఈ ఏడు తన వాకిట్లో తీగ మోగదు.

మోగకపోతే ఏం? అని ఎవరైనా అడగొచ్చు. ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు లేక కాదు. ఆ నోటికి జడిసి ఊళ్ళో పందులు కూడా ఆమె చేమ తోటలోకి పోవు. కానీ ఫరాను పిలిస్తే అది ఫరా కాదు, అడుక్కోవడం. ఏడాది తిరగని ముండమోపి "మా ఇంటి ముందు పాడండర్రా" అని అడిగిందంటే ఏ గుడ్డ కప్పుకుని చర్చికి వెళ్తుంది?

ఆమెది దీవికి అవతలి ఒడ్డు, మాల్హహ. బడికి మూడేళ్ళు పోయింది. పలక మీది అక్షరాలకన్నా మొగలాకు మీది అల్లిక తొందరగా ఒంటబట్టింది. తల్లి మంచాన పడటంతో బడి మానేసి చాప ముందు కూర్చుంది, అంతే. ఆమె అల్లిన తెల్ల చాపలు ముగ్గురు దొరల పెళ్ళిళ్ళలో పరిచారు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతుంది. "చదువుకున్నవాళ్ళు కూర్చోడానికి కూడా నేనే అల్లాలి" అంటుంది.

పదిహేడేళ్ళప్పుడు ఒక సాయంత్రం ఆమె తండ్రి వాకిట్లోకి ఇవతలి ఒడ్డు నుంచి, జూజూ నుంచి, ఫరా వచ్చింది. అంత దూరం నడిచి రావడమే గొప్ప. అందులో ఉకులేలే అనే నాలుగు తీగల చిన్న గిటారు వాయించే బక్కపల్చటి కుర్రాడు పాడటం మానేసి నోరు తెరుచుకుని ఆమెనే చూస్తున్నాడు. మెడ మీద చల్లాల్సిన పౌడరును గుప్పెడు తీసి ఆ తెరిచిన నోట్లో కొట్టింది. వాకిలంతా గొల్లుమంది. కుర్రాడు దగ్గాడు, తుమ్మాడు, కళ్ళ నీళ్ళు కారాయి. తీగ మీంచి మాత్రం వేలు తియ్యలేదు.

"దగ్గుతూనే వాయించాడు. అందుకే చేసుకున్నాను" అని చెప్పేది వామరాసి.

మరుసటి ఏడు అతను మూడుసార్లు వచ్చాడు. ఆ పై ఏడు ఆమె తండ్రి, "వీడి కాళ్ళు అరిగిపోకముందే ఇచ్చేద్దాం, తర్వాత మనమే మొయ్యాలి" అన్నాడు. అలా ఆమె జూజూకు వచ్చింది, యాభై ఏళ్ళు ఆ గుమ్మానికి పెద్దదిక్కై కూర్చుంది.

పిల్లలు పుట్టలేదు. ఎవరైనా జాలిపడబోతే ఆ జాలిని గుమ్మంలోనే తుంచేసేది. "ఊళ్ళో ఉన్న పిల్లలందరూ నా చేతి పౌడరు మింగినవాళ్ళే. ఇంకెంతమంది కావాలి?" అనేది. అది నిజమే. ఫరాకు ఆ ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నా అందరి కాళ్ళూ ముందు ఆ ఇంటికే లాగేవి. ఎందుకంటే అక్కడ తిట్లు దొరికేవి. తీగ మోగగానే ఫెసైతు పక్క మీద లేచి కూర్చుని ముసిముసిగా నవ్వుకునేవాడు. లోపల్నుంచి ఆమె అరిచేది: "ఎవర్రా ఈ వేళప్పుడు? ఇళ్ళూ వాకిళ్ళూ లేవూ మీకు? కాళ్ళు విరగ్గొడతాను!" బయట పిల్లలు పడీపడీ నవ్వుతూ ఇంకా గట్టిగా పాడేవాళ్ళు. తలుపు తెరిచేసరికి ఆమె చేతిలో పుచ్చకాయ అప్పటికే కోసి ఉండేది. ఎప్పుడు కోసిందో దేవుడికి తెలియాలి. శ్రుతి తప్పినవాడికి పౌడరు రెండింతలు పోసేది. "గొంతు లేనివాడికే చెమట ఎక్కువ పడుతుంది, పాపం" అనేది. ఆ తిట్టు పడని ఏడు తమకు ఆట నెలలు గడిచినట్టే అనిపించదని కుర్రకారు చెప్పుకునేవాళ్ళు.

ఇప్పుడు ఆ గుమ్మం ముందు పన్నెండుమందీ నోళ్ళు మూసుకుని నడుస్తున్నారు.

పుచ్చకాయల సంగతి మరీ ఘోరం. ఫెసైతు ప్రతి ఏటా మంచి కాయ గింజలు బూడిదలో కలిపి సీసాలో దాచేవాడు. సెప్టెంబరులో సీసా కంటపడితే వామరాసి అలవాటు చొప్పున గింజలు నాటింది. ఎప్పుడూ కాయనంత కాపు కాసింది. నలభై కాయలు. తినేవాళ్ళు లేరు. పగిలినవాటిని పందులకు వేస్తూ, "తినండి, ఈ ఏడు ఫరా మీకే వచ్చింది, పాడక్కర్లేదు" అనేది.

ఆదివారం చర్చి అయ్యాక, వరసకు మరిదయ్యే ఊరిపెద్ద ఇరావాను మామిడి చెట్టు నీడలో పట్టుకుంది. ఇరావా మెత్తని మనిషి. ఆమె ఎదురుపడితే ఇంకా మెత్తబడతాడు.

"ఏం ఇరావా, సిమెంటు పుట్టకముందు మన దీవిలో జనం చావలేదా?"

"చచ్చారు వదినా."

"వాళ్ళ సమాధులకు ఏం వేశారు?"

"పగడపు రాయి కాల్చి సున్నం వేశారు."

"ఆ సున్నం సమాధులు మా మాల్హహలో ఇప్పటికీ ఉన్నాయి. మా ముత్తాత ఒక్కరోజు కూడా లేచి వచ్చి సిమెంటు కావాలని అడగలేదు. మరి మీ అన్న ఫెసైతుకు సున్నం వేసి ఆ రాయి నిలబెడితే ఏం పోయింది?"

ఇరావా టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకేం లేదు వదినా. ఆ మాట చెప్పాల్సింది పోయినవాడి తోబుట్టువు. తొరికా ఒప్పుకోవాలి."

తొరికా పక్కనే ఉంది. చెవులు ఇటే ఉన్నాయి. "మా అన్నకు సున్నమా?" అంది. "వెనకటి పేదవాళ్ళకు వేసినట్టా? వదినా, నువ్వు అంత తొందరపడకు. వచ్చే ఓడకు వస్తుంది. మా అన్నకు సిమెంటే వేస్తాం. అంచులకు గవ్వలు కూడా పొదుగుదాం."

"తొందర నాకెందుకే? నాకేం తొందర?" అంది వామరాసి. అని, ఆ మధ్యాహ్నం ఒక చాప అంచును మూడుసార్లు తప్పు అల్లి మూడుసార్లూ విప్పింది.

ఆట నెలలకు ఇక ఆరు సాయంత్రాలు మిగిలాయి.

సోమవారం ఆమె వసారాలో దీపం వెలిగించి పెట్టింది. దీపం ఉన్న ఇల్లు మేలుకున్న ఇల్లు. మేలుకున్న ఇంట్లోకి తొంగిచూడాలని ఎవరికైనా ఉంటుంది కదా అని ఆలోచన. ఫరా వచ్చింది. సీమపనస దగ్గర ఆగింది. దీపం చూశారు. గుసగుసలు వినపడ్డాయి: "అమ్మమ్మ ప్రార్థన చేసుకుంటోంది." పన్నెండుమందీ రోడ్డు మీదే తలలు వంచి నిలబడి, చర్చిలో పాడే కీర్తన ఒక చరణం మెల్లగా పాడి వెళ్ళిపోయారు. సమాధి దగ్గర పాడే కీర్తన అది. వామరాసి దీపం ఆర్పేసింది.

బుధవారం ఇంకో దారి తొక్కింది. వాళ్ళు సీమపనస దగ్గరికి రాగానే తనే లోపల్నుంచి పాట ఎత్తుకుంది. వాళ్ళు ఆపిన పాటను తను అందుకుంటే అటు నుంచి ఎవరో ఒకరు కలపకపోతారా? ఆ సాకీమి గాడికైనా ఆగని నాలుక కదా. కానీ ఏడాదిగా పాడని గొంతు. మొదటి మాటకే జీర పోయింది. రెండో మాటకు వణికింది. మూడో మాట ఎటు పోయిందో ఆమెకే తెలియదు.

బయట ఎవరో అన్నారు: "అయ్యో, ఏడుస్తోంది."

తలుపు తోసుకుని తొరికా లోపలికి వచ్చింది. వస్తూనే వదిన మెడ చుట్టూ చేతులు వేసి, "ఒక్కదానివే ఏడుస్తున్నావా వదినా? నన్ను పిలవకూడదూ?" అని బావురుమంది. తొరికా ఒళ్ళు పెద్దది, ఏడుపూ పెద్దదే. వామరాసికి ఊపిరాడలేదు.

"నేను ఏడవట్లేదే. వదులు. వదులే, పీక పిసుకుతున్నావు!"

"నా దగ్గర దాస్తావేం? నాకు తెలీదా? నీ వాకిలి ముందునుంచి పోయేటప్పుడు తలెత్తి చూడలేను వదినా. అన్నయ్య తలుపు తీస్తాడేమో అనిపిస్తుంది. రాయి కూడా లేని మనిషి ఇంటి ముందు మనం పాడుకుంటూ ఆడితే, వాణ్ణి మర్చిపోయినట్టు కాదూ? నేను బతికుండగా మా అన్నను ఎవ్వరినీ మర్చిపోనివ్వను."

వామరాసి నాలుక చివర ఒక మాట ఉంది. మంచి కారంగా ఉంది. పైకి రాలేదు. తొరికా పుట్టిన నాలుగేళ్ళకే తల్లి పోతే ఆ పిల్లను వీపున వేసుకుని పెంచింది ఫెసైతే. ఆ వీపు మీద కూర్చునే అది ఫరాలకు తిరిగింది, పాటలు నేర్చింది. ఇప్పుడు యాభై అయిదేళ్ళ ఆడదానికి ఆ వీపు లేదు. వామరాసి దాని నెత్తి మీద చెయ్యి వేసి నిమిరింది. దానితో పాటు కాస్త ఏడ్చింది కూడా, అనుకోకుండా.

"ముక్కు తుడుచుకో. నీకోసం అందరూ రోడ్డు మీద నిలబడ్డారు" అంది చివరికి.

శనివారం ఆఖరి సాయంత్రం. మరునాడు ఆదివారం, పాటలుండవు. సోమవారం నుంచి తోటపనులు, చేపల వేట. మళ్ళీ తీగ మోగేది డిసెంబరులోనే. డిసెంబరు దాకా తను ఉంటే.

పొద్దు వాలుతుండగా వామరాసి ఫెసైతు ఉకులేలే గోడ మీంచి దించింది. దుమ్ము తుడుద్దామని. తుడుస్తుంటే తీగకు వేలు తగిలి టింగుమంది. ఆ చప్పుడుకు ఆమె చెయ్యి ఆగింది. 

"పిలవకూడదు, సరే" అంది గోడతో. "వెళ్ళకూడదని ఎవరన్నారు?"

నీళ్ళు పోసుకుంది. పండగ గౌను తొడుక్కుంది. వాకిట్లో దేవగన్నేరు పూలు కోసి దండ గుచ్చి మెడలో వేసుకుంది. ఉకులేలే చంకన పెట్టుకుని, పౌడరు డబ్బా సంచిలో వేసుకుని, రోడ్డెక్కింది. ఎదురొచ్చిన పీతలు కూడా పక్కకు తప్పుకున్నాయి.

తొరికా ఇల్లు నాలుగిళ్ళ అవతల. ఫరాకు బయలుదేరేముందు కాళ్ళ నొప్పులకని కాస్త నడుం వాల్చడం తొరికాకు అలవాటు. దోమతెర దించి ఉంది. దీపం తగ్గించి ఉంది. వామరాసి వాకిలి మధ్యలో నిలబడి, తనకు వచ్చిన రెండే రెండు పట్లు పట్టి, తీగలు మీటింది. ఫెసైతు ఆమెను ఏడిపించడానికి కట్టిన పాట. ఊరందరికీ వచ్చు.

మాల్హహ నుంచి తెచ్చుకున్నా మాటకారి పిల్లను
చేపకు ఉప్పు అక్కర్లేదు, దాని నాలుక చాలును

లోపల మంచం కిర్రుమంది. చప్పుడు ఆగింది. దోమతెరలో ఎవరూ కదల్లేదు.

వామరాసి మళ్ళీ ఎత్తుకుంది. గొంతు ఈసారి బుధవారంలా లేదు. గీచుకుపోయినా నిలబడింది. రోడ్డు మీద అడుగులు వినపడ్డాయి. ఫరాకు కూడుకోవడానికి ఒక్కొక్కరే వస్తున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు వాకిలి బయటే ఆగిపోయారు. 

లోపల్నుంచి తొరికా మొగుడి గొంతు వినపడింది. "లేవవే. ఫరా వచ్చింది."

"అది ఫరా కాదు. మా వదిన."

"తీగ మోగుతోందా లేదా? లేవకపోతే రేపు చర్చిలో ముఖం ఎక్కడ పెట్టుకుంటావు? ఈ దీవిలో ఫరాకు లేవని మొదటి ఇల్లు మనదే అవుతుంది."

తొరికా గుమ్మంలోకి వచ్చింది. జుట్టు రేగి ఉంది. "వదినా, ఇంటికి వెళ్ళు" అంది మెల్లగా.

"ఎవరే వదిన? నేను ఫరాను. నాలుగిళ్ళు దాటి వచ్చాను. చాప పరిచి కూర్చో."

"ఒక్కదానివి ఫరా ఏంటి?"

"పన్నెండుమంది నోళ్ళు మూసుకుని పోతే అది ఫరా అవుతుందిగానీ, ఒక్కదాన్ని నోరు తెరిచి పాడితే కాదా?"

రోడ్డు మీద ఎవరో కిసుక్కుమన్నారు. తొరికా అటు చూసేసరికి ఆగిపోయారు.

తొరికా చేతులు గుమ్మానికి ఆనించింది. ఆమె వెనక వసారాలో గోనె కప్పిన రాయి ఉంది. ఒకసారి దాని వైపు చూసింది. తర్వాత మొగుడు తెచ్చిన చాప తీసుకుని తనే పరిచింది. కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, ఫరా వచ్చిన ఇంట్లో కూర్చున్నట్టే.

వామరాసి రెండో చరణం పాడింది. పాడుతూ రెండడుగులు వేసింది కూడా. మోకాలు పట్టేసింది, అయినా వేసింది.

తిట్టు తిట్టుకీ ఒక్కో కాయ కోసి చేత పెట్టును
అలిగిననాడు తొక్క పెట్టు, నవ్వితే గుజ్జు పెట్టును

పాట అయిపోయింది. ఇప్పుడు పౌడరు చల్లాలి. అక్కడున్న అందరికీ తెలుసు. పోయినవాడి తోబుట్టువు తన చేత్తో వదిన మెడ మీద పౌడరు చల్లిందంటే ఇక ఆ ఇంట్లో దుఃఖం తీరినట్టే. రాయి లేచినా, లేవకపోయినా.

"పౌడరు లేదు వదినా" అంది తొరికా నేల చూస్తూ. "అయిపోయింది."

"అదేంటే, మంచం కింద రెండు డబ్బాలు..." అన్నాడు మొగుడు.

"నువ్వు నోర్ముయ్!"

"ఆయన్ని ఎందుకే తిడతావు? ఆయనకు నిజం చెప్పే జబ్బు ఉంది" అంది వామరాసి. సంచిలోంచి డబ్బా తీసి తొరికా ఒళ్ళో పెట్టింది. "ఇది చల్లు. మీ అన్నది. పోయిన ఏడు సగం వాడి, సగం ఈ ఏటికి దాచాడు. తడి తగలకూడదని సైకిలు ట్యూబు ముక్క చుట్టింది వాడే. నేను విప్పలేదు."

తొరికా ఆ రబ్బరు ముక్కను వేలితో తడిమింది. లాగితే అది పుటుక్కున తెగిపోయింది. మూత తీసి డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుంది. భుజాలు ఒక్కసారి కదిలాయి. లేచి వదిన దగ్గరకు వచ్చి డబ్బా వంచింది. ఏమీ రాల్లేదు. ఊపింది. రాల్లేదు.

"గడ్డ కట్టింది వదినా."

"మీ అన్న దాచిన ప్రతిదీ అంతే. కొట్టు."

తొరికా డబ్బా అడుగున అరచేత్తో ఒక్కటి కొట్టింది. కోడిగుడ్డంత గడ్డ ఊడి వామరాసి నడినెత్తిన పడింది. తెల్లగా చెదిరి కళ్ళలోకి, దండలోకి, తెరిచిన నోట్లోకి పోయింది. వామరాసి దగ్గింది, తుమ్మింది. రోడ్డు మీద నిలబడ్డవాళ్ళు ఇక ఆగలేకపోయారు. తొరికా ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడానికి వీల్లేకుండా వదిన మెడ మీద మిగిలిన పౌడరు పులుముతూనే ఉంది.

"మరి రాయి?" అంది కాసేపటికి.

"సిమెంటు వచ్చినప్పుడే నిలబెడదాం. గవ్వలు కూడా నువ్వే ఏరు. ఆ రోజు విందుకు పంది నేను కోస్తాను. రాయి ఎక్కడికీ పోదే. ఇంటి దగ్గర పుచ్చకాయలున్నాయి, అవి రేపటికి ఉండవు."

అనేసి వామరాసి నాలుక కరుచుకుంది. ఆ మాట పిలిచినట్టే ఉంది. గబగబా ఉకులేలే చంకన పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, "వస్తానే. నాకు నిద్రొస్తోంది" అని రోడ్డు పట్టింది.

మొదటి ఇల్లు దాటేదాకా నడిచింది. రెండో ఇంటి దగ్గర వెనక తీగ సవరించిన చప్పుడు వినపడింది. అడుగు పెంచింది. మూడో ఇంటి దగ్గర గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని పరుగు అందుకుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఒంటి నిండా పౌడరుతో, పట్టేసిన మోకాలుతో.

వెనక నుంచి తొరికా గొంతు, చాలా గట్టిగా, ఎవరికి వినపడాలో వాళ్ళకు వినపడేలా: "మెల్లగా నడవండర్రా! ఆవిడ ఇంకా వెళ్ళి పడుకోవాలి కదా!"

వామరాసి ఇంట్లోకి దూరి తలుపు వేసింది. వంటపాకలోకి పరిగెత్తి ఒక కాయ రెండు దెబ్బలకు పగలగొట్టి ముక్కలు కోసింది. చేతులు తుడుచుకోకుండానే దోమతెర ఎత్తి పక్క మీద పడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.  పక్క మీద ఫెసైతు చోటు అలాగే ఉంది, అటు చెయ్యి చాపింది.

పాట సీమపనస దగ్గరికి వచ్చింది. 

పాట ఆగలేదు. చెట్టు దాటింది, వాకిట్లోకి తిరిగింది, గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. మాల్హహ నుంచి తెచ్చుకున్నా. సాకీమి అప్పుడే శ్రుతి తప్పాడు. ఒక చరణం అంతా అయ్యేదాకా వామరాసి కదల్లేదు. తర్వాత గొంతు సవరించుకుంది.

"ఎవర్రా ఈ వేళప్పుడు? ఇళ్ళూ వాకిళ్ళూ లేవూ మీకు? కాళ్ళు విరగ్గొడతాను!"

బయట పన్నెండు గొంతులూ పాట ఆపకుండానే గొల్లుమన్నాయి.

పళ్ళెం నిండా కాయ ముక్కలు పెట్టుకుని, దీపం పెంచి, తలుపు తీసింది. పాడేవాళ్ళ మెడల వైపు చెయ్యి ఎత్తింది. అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో పౌడరు లేదు. యాభై ఏళ్ళలో మొదటిసారి ఆ గుమ్మంలో పౌడరు లేదు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోవడం తొరికా చూసింది. పాడుతూనే ముందుకొచ్చి అన్న డబ్బాను వదిన చేతిలో పెట్టి వెనక్కి తగ్గింది. దెబ్బకు గడ్డలన్నీ విడిపోయి పౌడరు ఇప్పుడు సన్నగా, ధారాళంగా రాలుతోంది.

"సాకీమీ, నువ్వు ముందు రారా" అంది వామరాసి. "చెమట నీకే ఎక్కువ పట్టింది, పాపం."